ముంగిట్లో గ్యాసు.. ప్లాంటుకు పస్తు

కొత్తపేట: నేల అడుగున గ్యాసు ఉంది, దానిని తరలించే గొట్టాలు పొలాల మధ్యనుంచే సాగుతున్నాయి. అయినా ఆ గ్యాసునే నమ్ముకుని కొత్తపేట నియోజకవర్గంలో వెలసిన విద్యుత్కేంద్రం ఇంధనం లేక చితికిపోయింది. రావులపాలెం మండలం దేవరపల్లిలోని 445 మెగావాట్ల కోనసీమ గ్యాస్ పవర్ కథ ఇది. నిర్మాణం ముగిశాక కూడా గ్యాసు కోసం నిరీక్షించిన ఈ కేంద్రం 2010లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. అప్పులు తీరే దారి లేక సంస్థ చివరకు దివాలా ప్రక్రియకు చేరింది.

లెక్క తప్పింది ఎక్కడ?

2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6 ఉత్పత్తి ఆరంభమైనప్పుడు రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల వరకు వస్తుందని అంచనా వేశారు. 2010లో 6 కోట్లకు చేరి, అక్కడి నుంచి పడిపోయింది. కొరత వచ్చినప్పుడు ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నదే గ్యాసు విధానంలో కీలకం. కేంద్ర మంత్రుల బృందం 2008లో ఖరారు చేసిన వరుసలో ఎరువులు, ఎల్పీజీ తర్వాతే విద్యుత్తు. ఫలితంగా 2013 నాటికి విద్యుత్కేంద్రాలకు డీ6 గ్యాసు పూర్తిగా నిలిచిపోయింది. వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి కేంద్రాలూ దెబ్బతిన్నాయి. ఎరువులకు పెద్దపీట వేయడాన్ని రైతు ప్రాంతమైన కోనసీమ తప్పుపట్టలేదు. ఒకే ఒక్క క్షేత్రం మీద ఆశ పెట్టుకుని ఇన్ని కేంద్రాలకు అనుమతులివ్వడమే అసలు పొరపాటు.

2015లో కేంద్రం దిగుమతి గ్యాసుకు రాయితీ ఇచ్చి, మూతపడిన కేంద్రాలను కొంతమేర నడిపించింది. 7,500 కోట్ల రూపాయల ఆ పథకం రెండేళ్లతో సరి. దిగుమతులూ నికరం కాదని 2022లో తేలిపోయింది. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో గాజ్‌ప్రామ్ ఒప్పందం కింద గెయిల్‌కు రావలసిన ఓడలు ఆగిపోయాయి. దేశ అవసరాల్లో దాదాపు సగం గ్యాసు సముద్రం దాటి రావలసిందే.

సరఫరా భద్రత అంటే..

ఢిల్లీలో ఈ మాటకు నిల్వలు, ఒప్పందాలు, ధరలు అని అర్థం. కోనసీమలో దానికి మరో అర్థం ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ మంటలు 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా బలయ్యారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీటితో కూడిన గ్యాసు పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ప్రమాదం తర్వాత సరఫరా నిలిపివేశారు, గొట్టాలను తనిఖీ చేశారు. గొట్టం నిర్వహణపై చేయని ఖర్చు ప్రాణాలనూ తీసింది, సరఫరానూ కుంగదీసింది. విధాన పత్రాల్లో మాత్రం తుప్పు ప్రస్తావన అరుదు.

డీ6లో కొత్త క్షేత్రాలతో ఉత్పత్తి 2020 చివరి నుంచి మళ్లీ పుంజుకుంది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ లోతు సముద్ర క్షేత్రం నుంచి చమురు మొదలైంది. దానికి తీరంలోని కేంద్రం కోనసీమలోని ఓడలరేవే. అయితే 2009లో 4.2 డాలర్లున్న డీ6 గ్యాసు యూనిట్ ధర స్థానంలో, లోతు సముద్ర గ్యాసుకు 2024లో గరిష్ఠ పరిమితి 10 డాలర్ల చేరువకు వచ్చింది. వేలంలో గిరాకీ మించితే వాహనాలు, వంటిళ్ల గ్యాసుకే మొదటి వంతు, విద్యుత్తుకు చివరి వరుస. ఆ ధరకు గ్యాసు దొరికినా, బొగ్గు కరెంటుతో పోటీపడి దానిని కొనే పంపిణీ సంస్థ ఏదన్నది దేవరపల్లి వంటి కేంద్రాల ముందున్న ప్రశ్న.