కబుకి వేదికపై డిజిటల్ గాయని: నష్టభయం ఎవరిది?

ఢిల్లీ కరోల్ బాగ్ పెళ్లి ఊరేగింపుల్లో డోలు, డీజే పక్కపక్కనే మోగినా ఎవరికీ ఆశ్చర్యం కలగదు. అదే కలయిక ప్రాచీన నాటకశాలలో జరిగితే మాత్రం సంప్రదాయం మంటగలిసిందన్న ఆవేదన మొదలవుతుంది. జపాన్ కబుకి నాటకం ఈ చర్చకు చక్కని ఉదాహరణ.

2016 ఏప్రిల్‌లో టోక్యో సమీపంలోని మకుహరి మెస్సేలో నటుడు నకమురా షిదో సరసన హత్సునె మికు వేదికెక్కింది. మికు మనిషి కాదు. 2007లో విడుదలైన కృత్రిమ గాత్ర సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన బాలిక రూపం. 1747 నాటి 'యోషిత్సునె సెంబోన్‌జకురా' నాటకాన్ని, మికు గళంలో ప్రసిద్ధమైన 'సెంబోన్‌జకురా' ఎలక్ట్రానిక్ పాటను కలిపి అల్లిన కథ అది. 'చో కబుకి' పేరుతో సాగిన ఈ ప్రయోగం 2019లో క్యోటోలోని మినామిజాకు, 2023 డిసెంబరులో సాక్షాత్తు టోక్యో కబుకిజాకు చేరింది. నటుడి వంశపు పేరును ప్రేక్షకులు కేకవేసి పిలవడం కబుకి ఆచారం. మికుకు వంశమెక్కడిది? 'హత్సునెయా' అని ఒకటి కల్పించి మరీ పిలిచారు. ప్రయోగంలోని అసలు తెలివి తెరమీది బొమ్మలో కాదు, పాత ఆచారాన్ని కొత్త ప్రేక్షకుడి నోటికి అందించడంలో ఉంది.

అపచారమనేవారు చరిత్రనూ చూడాలి. 1603 ప్రాంతంలో క్యోటోలో ఒకుని అనే నర్తకి ఆరంభించిన కబుకి వినోద వీధుల్లోనే పెరిగింది. 1629లో స్త్రీలు వేదికెక్కడాన్ని పాలకులు నిషేధించారు. రాత్రి వినోదంపై అనుమానం ఆ తర్వాతా పోలేదు: 1948 నాటి చట్టం కింద క్లబ్బుల్లో అర్ధరాత్రి దాటాక నృత్యంపై ఉన్న ఆంక్షలు 2016 జూన్‌లో గానీ సడలలేదు. అదే 1948లో, రానున్న కబుకి నాటకశాలను తలచుకొని టోక్యోలోని ఒక పేటకు కబుకిచో అని పేరు పెట్టారు. నాటకశాల రాలేదు, బార్లు, క్లబ్బులు వచ్చాయి. చివరికి 2024 మేలో అక్కడి కొత్త టవర్‌లోని మిలానో-జాలో కబుకి ఆడింది. ఆ భవనం నేలమాళిగలోనే నైట్‌క్లబ్ ఉంది!

తెలుగువారికి ఇక్కడ సురభి గుర్తుకు రాక మానదు. 1885లో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజం పాత్రలను తీగలతో గాలిలో ఎగరేసి, క్షణాల్లో దృశ్యాలు మార్చి మెప్పించింది. సాంకేతికత వారికి పరాయిది కాదు. కబుకికి దన్నుగా 1895లో పుట్టిన షోచికు సంస్థ, అది నడిపే నాటకశాలలు, టిక్కెట్టు కొనే ప్రేక్షకులు ఉన్నారు. ఒక ప్రయోగం తప్పినా మరుసటి నెల పాత నాటకం ఆడుతుంది. సురభికి ఆ వెసులుబాటు లేదు. వారి హార్మోనియం పక్కన డీజేను కూర్చోబెట్టాలా వద్దా అని వాదించుకునే ముందు, ప్రయోగం దెబ్బతింటే నష్టాన్ని ఎవరు భరిస్తారో సాంస్కృతిక శాఖలు చెప్పాలి.