ఆటగాఁడు లేని యాట

దేశదేశముల జనులు వేలకొలఁదిగాఁ గూడి యాడు ఆన్‌లైన్ ఆటలలో నొక మోసము ప్రబలినది. ఆటగాని కంప్యూటరునుండి సర్వరునకుఁ బోవలసిన సమాచారమును నడుమనున్న ప్రాక్సీకి మళ్లించి, మనుష్యుఁడు చేయని యాజ్ఞలను దానిలోఁ జేర్చి పంపుదురు. యజమాని నిద్రించుచుండ బాట్ తెల్లవార్లు వేఁటాడి నాణెములు కూడఁబెట్టును. రాగ్నరాక్ ఆన్‌లైన్ ఆటకై పుట్టిన ఓపెన్‌కోర్‌నం దిట్టి మార్గమున్నది.

"యంత్రము నాది, తంతి నాది, మీకేల?" యని దీని సమర్థకులు గద్దింతురు. ఆట నీ యొక్కనిదా? నిజముగా నాడువాఁడు నెలలు శ్రమించి కూర్చిన నాణెముల విలువను నీ బాట్ లెక్కకు మిక్కిలి నాణెములు కుమ్మరించి దిగఁజార్చుట లేదా? పైఁగా నిది వినోదమా? వర్తకము! వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో, సమాచారమును మళ్లింపకయే యాటగాని బదులు తానే యాడిన గ్లైడర్ అను బాట్ 2008 సెప్టెంబరు నాఁటికి 1,20,000 లైసెన్సు లమ్ముడై 35 లక్షల డాలర్లు రాఁబట్టినది.

2010లో నమెరికా తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానము, బాట్‌తో నాడినంతమాత్రమునఁ గాపీరైటు భంగము కాదనియు, ఆట కావలియైన వార్డెన్ కన్నుగప్పు సాధనము నమ్ముట మాత్రము చట్టవిరుద్ధమనియుఁ దీర్పు చెప్పెను. (వకీళ్లకు దీనిలోఁ బండుగ యున్నది.) కంపెనీల లాభనష్టములు మాకుఁ బట్టవు. రాత్రి రెండు గడియల తీరికలో స్వహస్తముతో నాడుకొను బాలుని పక్షముననే మేము వాదించుచున్నాము.