రేస్ కోర్సుల్లో నేల విడిచి సాము

పందెం కాసేవాడు అన్నీ చూస్తాడు. గుర్రం తల్లీతండ్రీ ఎవరు, ఏ ట్రైనర్ లాయంలో ఉంది, జాకీ ఎవరు, కిందటిసారి ఎన్నో స్థానంలో వచ్చింది అని రేసు పుస్తకం ముందేసుకుని గంటల తరబడి లెక్కలు కడతాడు. ప్రభుత్వమూ అన్నీ చూస్తుంది. లీజు ఎప్పుడు ముగిసింది, అద్దె బకాయి ఎంత, పన్ను ఎంత రావాలి అని ఫైళ్లు కదుపుతుంది. క్లబ్బుల పెద్దలు కప్పులూ, ట్రోఫీలూ, సభ్యత్వాలూ చూసుకుంటారు. ఇంతమందిలో ఎవరూ నిలకడగా పట్టించుకోనిది ఒక్కటే. గుర్రం కాలు మోపే నేల.

బెంగళూరు, మైసూరు, చెన్నై, ఊటీ, ముంబయి, పుణె. తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడిన రాష్ట్రాల్లోనే ఈ రేస్ కోర్సులన్నీ ఉన్నాయి. అటు హైదరాబాద్ మలక్‌పేట సరేసరి. రేసులంటే డబ్బున్నవాళ్ల సరదా, జూదగాళ్ల గొడవ, మనకెందుకులే అనేవాళ్లే ఎక్కువ. కానీ రేస్ కోర్సు మీద ఆధారపడి బతికేవాళ్లలో డబ్బున్నవాళ్లు తక్కువ. తెల్లవారుజామున లేచి గుర్రాన్ని తోమి, మేత పెట్టి, నడిపించే సైసులున్నారు. లాడాలు కొట్టేవాళ్లు, లాయం ఊడ్చేవాళ్లు, గడ్డి తోలేవాళ్లు ఉన్నారు. యాభై కిలోల ఒంటితో అర టన్ను జంతువు మీద కూర్చుని ప్రాణాలకు తెగించి పరిగెత్తించే జాకీలున్నారు. ట్రాక్ బాగోకపోతే ముందు దెబ్బతినేది వీళ్లే. బాక్సులో కూర్చున్నవాళ్లు కాదు.

2021 చెప్పిన పాఠం

2021 నవంబరులో బెంగళూరు టర్ఫ్ క్లబ్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మొదటి పందెంలోనే గుర్రాలు ఒకదాని వెంట ఒకటి కూలిపోయాయి. జనం కోపం పట్టలేక విధ్వంసానికి దిగారు. చేతికందింది విరగ్గొట్టారు. మిగతా పందాలు నిలిచిపోయాయి. పోలీసులు రంగంలోకి దిగాల్సి వచ్చింది. విరగ్గొట్టడం తప్పే, అందులో సందేహం లేదు. కానీ మర్నాటి నుంచీ చర్చంతా ఎవరు అద్దాలు పగలగొట్టారు, ఎవరి డబ్బు ఎంత పోయింది అన్నదాని చుట్టూనే తిరిగింది. గుర్రాలు ఎందుకు పడ్డాయి, అక్కడ నేల ఎలా ఉంది, ఎవరు పరీక్షించారు, ఏం తేల్చారు అన్నది వెనక్కి పోయింది.

అదే ఏడాది హైదరాబాద్ మలక్‌పేటలో ఒక యువ జాకీ పందెంలో కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. పడ్డ ప్రతిసారీ నేలదే తప్పు అనలేం. గుర్రం అడుగు తప్పవచ్చు, పక్క గుర్రం తగలవచ్చు, పాత గాయం తిరగబెట్టవచ్చు. సరిగ్గా అందుకే విచారణ కావాలి. అది జనానికి తెలిసేలా జరగాలి. నలుగురు పెద్దమనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకుని, పైకి నాలుగు ముక్కల ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు.

పచ్చగా ఉంటే చాలదు

రేసుల నేల చూడటానికి పచ్చగా, తివాచీ పరిచినట్లు ఉంటుంది. అసలు సంగతి కింద ఉంటుంది. అర టన్ను బరువున్న గుర్రం గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఒక్కో అడుగులో ముందుకాలు ఒక్కదాని మీదే దాని ఒంటి బరువుకు రెండున్నర రెట్ల దాకా ఒత్తిడి పడుతుంది. మణికట్టంత సన్నటి ఎముక దాన్ని మోయాలి. నేల మరీ గట్టిగా ఉంటే ఆ దెబ్బంతా ఎముకకే తగులుతుంది. మరీ మెత్తగా ఉంటే గిట్ట దిగబడి నరాలు లాగేస్తాయి. అన్నిటికంటే ప్రమాదం ఒకచోట గట్టిగా, పది గజాల అవతల మెత్తగా ఉండటం. మొత్తం బురదే అయితే గుర్రం దానికి తగ్గట్టు అడుగు మార్చుకుంటుంది. అడుగడుక్కీ మారే నేలమీద దానికి ఆ వ్యవధి ఉండదు. మలుపులో అయితే ఇక చెప్పక్కర్లేదు.

నేల పదును కొలిచేందుకు పెనెట్రోమీటర్ అనే సాధనం ఉంది. కిలో బరువును మీటరు ఎత్తు నుంచి మూడుసార్లు వదిలి, కడ్డీ ఎన్ని సెంటీమీటర్లు దిగిందో చూస్తారు. అంకె తక్కువైతే నేల గట్టి, ఎక్కువైతే మెత్తన. మన క్లబ్బులు కూడా పందెం రోజున ఈ అంకె చెబుతాయి. సంతోషమే. కానీ ట్రాక్ మొత్తానికీ కలిపి చెప్పేది ఒక్కటే అంకె. మలుపులో ఎంత, ఆఖరి రెండు ఫర్లాంగుల్లో ఎంత, లోపలి రెయిలు పక్కన ఎంత అన్నది పంటరుకు తెలియదు. ఎగువ మడి బీటలు వారి, దిగువ మడిలో నీళ్లు నిలిచిన పొలానికి సగటున పదును బాగుందంటే ఏ రైతయినా నవ్విపోతాడు. రేస్ కోర్సులో మాత్రం అదే మాట చెల్లిపోతోంది. బ్రిటన్‌లో నేలలోకి దిగే లోతునూ, పక్కకు తిప్పితే ఎంత పట్టు ఉందన్నదీ రెండూ కొలిచే గోయింగ్ స్టిక్ వాడతారు. ట్రాక్ పొడవునా చాలాచోట్ల గుచ్చి చూస్తారు.

ఇక సంరక్షణ. గడ్డి వేళ్లు లోతుగా పోవాలి. నేల గట్టిపడకుండా ఎప్పటికప్పుడు గుచ్చి గాలి ఆడనివ్వాలి. గుంటలు పడితే ప్రతి పందెం తర్వాతా మనుషులు దిగి పూడ్చాలి. అన్ని పందాలూ లోపలి అంచునే నడిస్తే అక్కడ గడ్డి మిగలదు కాబట్టి రెయిలు జరుపుతూ ఉండాలి. అన్నిటికీ మించి వాన నీరు నిలవకుండా కింద కాలువలు పనిచేయాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. డబ్బు కావాలి, మనుషులు కావాలి, ఏడాది పొడుగునా ఓపిక కావాలి. సీజను ముందు హడావుడిగా నీళ్లు కొట్టి రోలరు తిప్పితే నేల బాగుపడదు. పైకి బాగున్నట్లు కనిపిస్తుంది, అంతే.

లీజుల గొడవలో నలిగిన నేల

క్లబ్బులకూ తమ వాదన ఉంది. రేపు ఉంటామో లేదో తెలియని స్థలంలో కోట్లు ఎలా పోస్తామని అడుగుతాయి. అది పూర్తిగా కొట్టిపారేయాల్సిన మాట కాదు. బెంగళూరులో లీజు గడువు 2009తోనే తీరింది. రేస్ కోర్సును నగరం బయటికి తరలించే మాట ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. 2024 వేసవిలో లైసెన్సు దగ్గర ప్రభుత్వానికీ క్లబ్బుకూ చెడి పందాలే ఆగిపోయాయి. చెన్నై గిండీలో 160 ఎకరాల స్థలాన్ని 1945లో 99 ఏళ్ల లీజుకిచ్చారు. అద్దె ఏడాదికి 614 రూపాయల చిల్లర. పెంచిన అద్దె కట్టలేదని బకాయి లెక్కేస్తే రూ.730 కోట్లు దాటింది. 2023లో మద్రాసు హైకోర్టు కట్టమంది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం లీజు రద్దు చేసి గేట్లకు సీలు వేసింది. వ్యవహారం మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ఊటీలో లీజు 1978లోనే ముగిసింది. రూ.822 కోట్ల బకాయి చూపించి 2024 జూన్‌లో 52 ఎకరాలనూ స్వాధీనం చేసుకున్నారు.

పైగా పన్ను. పందెం మొత్తం మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం చేశారు. పన్ను పెరిగితే పంటరు దొంగ బుకీ దగ్గరికి పోతాడు, క్లబ్బు ఆదాయం పడిపోతుంది అన్నది వాస్తవమే.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఏడాదికి ఆరువందల చిల్లర అద్దెతో నగరం నడిబొడ్డున ఎకరాలకు ఎకరాలు అనుభవించిన దశాబ్దాల్లో, లీజు గొడవ లేని రోజుల్లో, ట్రాక్ కింద ఎంత పెట్టారు? దానికి లెక్క చూపించగలరా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు, ఇప్పుడు నెపమంతా లీజు మీదకీ పన్ను మీదకీ నెట్టేస్తే నమ్మేదెలా? ముంబయి మహాలక్ష్మిలో లీజు 2013లో ముగిసి పదేళ్లు నలిగాక, 120 ఎకరాలు పార్కుకు వదిలి 91 ఎకరాలు క్లబ్బుకు ఉంచేలా 2024లో ఒక దారి చూశారు. బేరం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. తేల్చుకోవాలనుకుంటే తేలుతుంది అన్నది మాత్రం రుజువైంది.

ప్రభుత్వాల తీరు కూడా ఇంతకంటే గొప్పగా లేదు. బకాయి రూపాయి రూపాయి లెక్కేసేవాళ్లు, పందెంలో కాలు విరిగి చంపేయాల్సి వచ్చిన గుర్రాలెన్నో ఎప్పుడైనా అడిగారా? పందెం మీద వందకు నలభై వసూలు చేస్తూ, అక్కడి నేల సంగతి మాది కాదంటే కుదరదు. జూదం కాబట్టి మూసేస్తే పోతుందనే వాళ్లకు 1996లోనే సుప్రీంకోర్టు జవాబిచ్చింది. మద్రాసు రేస్ క్లబ్ కేసులో గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆటేనని తేల్చింది. చట్టం ఒప్పుకున్న ఆట అయినప్పుడు ఆడేవాళ్ల ప్రాణానికి భద్రత కూడా చట్టమే చూడాలి.

లెక్క రాస్తే తగ్గింది

ఇది సాధ్యమేనా అనేవాళ్లు అమెరికాను చూడవచ్చు. అక్కడి రేసులేమీ పుణ్యక్షేత్రాలు కావు. కాలిఫోర్నియాలోని శాంటా అనీటాలో 2018 డిసెంబరు చివరి నుంచి 2019 జూన్ దాకా ఒక్క సీజనులో 30 గుర్రాలు చనిపోయాయి. ఆ ఏడాది వానలు విపరీతంగా కురిశాయి. గగ్గోలు పుట్టి మధ్యలో ట్రాక్ మూసి పరీక్షలు చేయాల్సి వచ్చింది. 2023లో కెంటకీ డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్‌లో కొద్ది వారాల్లో 12 గుర్రాలు పోయాయి. పరీక్షల్లో నేలదే తప్పని తేలలేదు. అయినా కారణం దొరకలేదు కదా అని ఊరుకోలేదు. సీజను మధ్యలో పందాలను వేరే ట్రాక్‌కు మార్చేశారు.

అక్కడ 2020లో ప్రత్యేక చట్టం తెచ్చారు. 2022 జులై నుంచి ట్రాక్ భద్రత నిబంధనలు అమల్లోకి వచ్చాయి. చనిపోయిన ప్రతి గుర్రం లెక్కనూ రాసుకునే పట్టిక అంతకు ముందు నుంచే ఉంది. 2009లో వెయ్యి పరుగులకు రెండు గుర్రాలు చనిపోయేవి. కొత్త నిబంధనల కింద ఉన్న ట్రాక్‌లలో 2024లో అది 0.90కి దిగింది. సగానికంటే తక్కువ. నేల ఒక్కటే కాదు, పందెం ముందు వైద్య పరీక్షలు, మందుల మీద కట్టడి అన్నీ కలిస్తేనే ఈ ఫలితం. మూలం మాత్రం లెక్క రాసుకోవడంలో ఉంది. ఎన్ని పోయాయో, ఎక్కడ పోయాయో తెలిస్తేనే ఎందుకు పోయాయన్న ప్రశ్న పుడుతుంది.

మన దగ్గర అన్ని క్లబ్బులూ కలిపి ఏటా ఆ లెక్క ఒక్కచోట జనం ముందు పెట్టే అలవాటే లేదు. ఏ గుర్రం ఎన్ని సెకన్లలో పరిగెత్తిందో అరక్షణం తేడా లేకుండా రాసేవాళ్లకు, పరుగులో ఎన్ని పోయాయో రాయడం కష్టమా?

చేయాల్సింది ఇది

కొత్త చట్టాల కోసం ఎదురుచూడక్కర్లేదు. కర్ణాటకలో 1952 నాటి మైసూరు రేస్ కోర్సుల లైసెన్సింగ్ చట్టం ఉంది. పందాలకు లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వమే. 2024లో పందాలు ఆపగలిగిన చేతికి, నేల బాగుంటేనే ఆడండని షరతు పెట్టే బలం లేదా? క్లబ్బుతో సంబంధం లేని ఇంజినీరూ, పశువైద్యుడూ సీజనుకు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి ట్రాక్ పరీక్షించాలి. వాళ్ల నివేదిక గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలి. పందెం రోజు ఒక్క అంకె కాకుండా ట్రాక్ భాగాల వారీగా కొలతలు చెప్పాలి. పడ్డ ప్రతి గుర్రం, గాయపడ్డ ప్రతి జాకీ వివరం సీజను ముగిసేసరికి ప్రకటించాలి. వాన పడి నేల పాడైతే పందెం ఆపే అధికారం క్లబ్బు నియమించిన స్టీవార్డులకు మాత్రమే కాదు, ఆ పరీక్ష చేసినవాళ్లకూ ఉండాలి. ఇవి లేనిచోట లైసెన్సు ఇవ్వకూడదు.

దానికి బదులుగా ప్రభుత్వాలూ ఒకటి చేయాలి. ఉంచుతారో, తరలిస్తారో, మూసేస్తారో స్పష్టంగా తేల్చాలి. తరలిస్తే కొత్తచోట నేల తయారై గడ్డి వేళ్లూనుకోవడానికి సీజన్లు పడుతుంది. పాత ట్రాక్‌ను ఎండగట్టి కొత్తది సిద్ధం కాకముందే పందాలు మొదలుపెడితే ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకున్నట్లే. మూసేయదలిస్తే అదీ చెప్పాలి. వందల గుర్రాలు ఎక్కడికి పోవాలి, సైసుల కుటుంబాలు ఎలా బతకాలి అన్నది ముందే చూడాలి. సీలు వేసి వెళ్లిపోతే గుర్రానికి గడ్డి ఎవరు వేస్తారు?

పంటర్లకూ ఒక మాట. డబ్బు పోయినప్పుడు కుర్చీలు విరగ్గొట్టే కోపంలో పదోవంతు పెట్టి, టికెట్ కొనేముందు ఈ రోజు మలుపులో నేల ఎలా ఉందని అడిగితే క్లబ్బులు దిగిరాక తప్పదు. కిటికీ దగ్గర డబ్బు ఆగితేనే వాళ్లకు వినపడుతుంది.

వచ్చే వానాకాలం లోపు ఈ పని మొదలుకాకపోతే మళ్లీ ఏదో ఒక మలుపులో గుర్రం జారుతుంది. మళ్లీ తెర కట్టి దాన్ని చంపేస్తారు. మళ్లీ ఒక జాకీని అంబులెన్సులో ఎక్కిస్తారు. అప్పుడు తెలియదని అనే వీలు క్లబ్బులకు గానీ ప్రభుత్వాలకు గానీ ఉండదు.