మన ఓటు ఇప్పుడు ఏ పార్టీల ఉన్నది?

మొన్న ధర్మపురి దగ్గర ఒక ఊరి ఐకేపీ సెంటర్ కాడ వడ్ల కుప్పల నడుమ కూసున్నం. మొగులు పట్టింది, కాంటా కాలే, అందరి సూపు టార్పాలిన్ల మీదనే ఉన్నది. ప్రచారం ఆటో ఒకటి పాట పెట్టుకుంట పోయింది, ఎవ్వలు తల తిప్పి సూడలే. "ఈసారి ఎవలకేస్తవ్ కాకా?" అని ఒక పెద్దాయనను అడిగిన. "పోయినసారి ఎవలకేసిన్నో నాకు ఎరుకే బిడ్డా. గా ఓటు ఇప్పుడు ఏ పార్టీల ఉన్నదో గదే ఎరుక లేదు" అన్నడు.

అందరం నవ్వినం. గని ఇది నవ్వే ముచ్చట కాదు.

2024 మే 13న పోలింగ్ జరిగింది. మా ధర్మపురి పెద్దపల్లి పార్లమెంటు కిందికొస్తది. ఇక్కడ 2019ల కారు గుర్తు మీద గెల్చిన వెంకటేశ్ నేత, అంతకు కొన్ని నెలల ముందే చెన్నూరుల చేయి గుర్తు మీద ఓడిపోయిండు. 2024 ఫిబ్రవరిల మల్ల చేయి పట్టిండు. టికెట్ రాలే, ఆ మీదట పువ్వు పట్టిండు. బీజేపీ అభ్యర్థి గోమాసె శ్రీనివాస్ 2009ల టీఆర్ఎస్ దిక్కు నుంచి వివేక్ మీద నిలబడ్డోడు. 2024ల వివేక్ కొడుకు వంశీకృష్ణ మీద నిలబడ్డడు. ఇగ వివేక్ సంగతి చెప్పవడితే పొద్దు గూకుతది: కాంగ్రెస్, టీఆర్ఎస్, మల్ల కాంగ్రెస్, మల్ల టీఆర్ఎస్, 2019ల బీజేపీ, 2023ల మల్ల కాంగ్రెస్. కొప్పుల ఈశ్వర్ 2024 నాటికి ఇరవై ఏండ్ల సంది పార్టీ మారలే, గది ఒప్పుకోవాలె. గని ఆయన పార్టీయే పేరు మార్చుకున్నది, పేరులకెల్లి తెలంగాణను తీసేసింది. 2019 జూన్ల 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను కలుపుకున్నప్పుడు ఆ పార్టీకి ఓటరు యాదికి రాలే. ఇప్పుడు కాంగ్రెస్ తక్కువ తిన్నదా? పార్టీ మారితే పదవి దానంతటదే పోయేటట్టు చట్టం తెస్తమని మ్యానిఫెస్టోల రాసింది. అదే కాంగ్రెస్, బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా గెల్చిన దానం నాగేందర్‌ను రాజీనామా సుత లేకుంట సికింద్రాబాద్‌ల నిలబెట్టింది.

జనం నమ్ముతలేరని లీడర్లకు మనకంటే ముందే ఎరుక. పరపతి లేనోనికి ఉత్త మాట మీద అప్పు పుట్టది, ఏదో ఒకటి తాకట్టు పెట్టాలె. లీడర్లు గిప్పుడు గదే చేస్తున్నరు. 2019ల ధర్మపురి అర్వింద్ బాండ్ పేపర్ రాసిచ్చిండు: గెల్చిన ఐదు రోజులల్ల పసుపు బోర్డు తెస్త, లేకుంటే రాజీనామా చేస్త అని. గెల్చిండు. బోర్డు ఇస్తున్నమని ప్రధాని మోడీ ప్రకటించింది 2023 అక్టోబర్ల. ఐదు రోజులు నాలుగేండ్లు దాటినయ్. రేవంత్ రెడ్డి డిసెంబర్ 9న రుణమాఫీ అన్నడు. ఆ తారీఖు పోయి ఆగస్టు 15 వచ్చింది, 2024 ఎన్నికలప్పుడు ఏ ఊరికి పోతే ఆ ఊరి దేవుని మీద ఒట్టేసిండు. హరీశ్ రావు రాజీనామా కాయిదం పట్టుకొని గన్ పార్కుకు పోయిండు. 2018ల చెప్పిన లక్ష రుణమాఫీని మల్ల ఎన్నికలొచ్చేదాక సాగదీసిన సర్కారుల ఆర్థిక మంత్రిగా చేసింది ఆయనే.

ఒకాయనకు బాండ్ పేపర్, ఒకాయనకు దేవుడు, ఇంకొకాయనకు రాజీనామా లెటర్. తాకట్టు పెట్టినవాటిల ఒక్కటన్న మనం కోర్టుకు పోయి వసూలు చేసుకునేది ఉన్నదా?

మా దిక్కు ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీని సూడుండ్రి. 2002ల తెలుగుదేశం సర్కారు నిజాం షుగర్స్‌ను ప్రైవేటుకు అప్పజెప్పింది. తర్వాత కాంగ్రెస్ వచ్చి హౌస్ కమిటీ ఏసింది. 2014ల టీఆర్ఎస్ సర్కారే నడుపుతదని చెప్పింది, 2015 డిసెంబర్ల తాళం పడ్డది. 2024 జనవరిల కాంగ్రెస్ మల్ల కమిటీ ఏసింది. పైన బీజేపీ పదేండ్లు ఏలింది, 2022 కల్లా రైతు ఆదాయం డబుల్ అన్నది. చెరుకు రైతు వరికి మారిండు, గా వడ్లు సెంటర్ల నానినయ్.

గిదంతా సూసి "అందరు గంతేనే" అని చేతులు దులుపుకునేటోళ్లు ఎక్కువైతున్నరు. నాకు లీడర్ల అబద్ధం కంటే గీ మాటే ఎక్కువ బుగులు పుట్టిస్తది. నమ్మకపోవుడు తప్పు కాదు, నమ్మక ఇంట్ల కూసునుడు తప్పు. ఎందుకంటే మనం కూసుంటే పైసలు పంచేటోనికి పని అల్కగైతది.

నమ్మకం పోయినోళ్లు ఏం చెయ్యొచ్చో జగిత్యాల, కోరుట్ల రైతులు 2019ల సూపించిన్రు. ఏ పార్టీని నమ్మక, నిజామాబాద్ పార్లమెంటుకు పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది తామే నిలబడ్డరు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో బూత్‌ల 12 బ్యాలెట్ యూనిట్లు. 2014ల లక్షా 67 వేల మెజార్టీతోని గెల్చిన కవిత 70 వేల తేడాతోని ఓడిపోయింది. రైతులు గెల్వలే, డిపాజిట్లు సుత రాలే. గని ఢిల్లీ పసుపు బోర్డు పేరెత్తిందంటే గా నామినేషన్ల దెబ్బకే.

ఒక్క ఓటుతోని ఏమైతది అనేటోళ్లకు ధర్మపురోళ్లం ఇంకో లెక్క చెప్పాలె. 2018ల ఇక్కడ గెలుపు తేడా 441 ఓట్లు. ఆ పంచాయితీ హైకోర్టు దాక పోయింది. 2023 ఏప్రిల్ల స్ట్రాంగ్ రూం తాళంచెవులే దొరకలే, తాళం పలగ్గొట్టాల్సి వచ్చింది. గా యేడే అదే జనం 22 వేల పైచిలుకు ఓట్ల తేడాతోని తీర్పు మార్చేసిన్రు.

గందుకే ఎన్నికలప్పుడు ఊర్లకొచ్చే ప్రతి అభ్యర్థిని మూడే అడుగుండ్రి. ముత్యంపేటల గానుగ ఏ నెలల తిరుగుతది? పసుపు బోర్డుకు బడ్జెట్ల ఎన్ని పైసలు? పార్టీ మారితే ముందు రాజీనామా చేసి మల్ల మా కాడికొస్తవా? జవాబును వీడియో తియ్యుండ్రి, తారీఖు ఏసి దాసిపెట్టుండ్రి. ఒట్లు వద్దు, జీవో చాలు.

మన వడ్లు సెంటర్‌కు పోతే తేమ సూస్తరు, తాలు సూస్తరు, ఆఖర్న తరుగు తీస్తరు. అయ్యా, మీ మాటలకు సుత ఈసారి మేమే కాంటా పెడుతున్నం. తరుగు మేమే తీస్తం.