మాంసం లేదంటే చాలదు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఒర్లాండో నగరానికి నైరుతి దిశగా, సుమారు 25 వేల ఎకరాల విస్తీర్ణంలో ఒక వినోద సామ్రాజ్యం ఉన్నది. 1971 అక్టోబరు 1న ద్వారాలు తెరచిన ఈ వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నేడు నాలుగు పెద్ద థీం పార్కులు, రెండు జలక్రీడా పార్కులు, పాతికకు పైగా హోటళ్ళు ఉన్నవి. ఉదయం లోపలికి వెళ్ళిన కుటుంబం బాణసంచా చూసిగాని బయటికి రాదు. పది పన్నెండు గంటల కాలం, మైళ్ళ కొద్దీ నడక, పైన ఫ్లోరిడా ఎండ. అడుగడుగునా తినుబండారాల దుకాణాలే గనుక ఆకలితో మాడవలసిన పనిలేదని అందరూ అనుకుంటారు. మాంసమూ చేపా మాత్రమేగాక గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె సైతం ముట్టని మనిషి ఆ వరుసలో నిలబడినప్పుడు అతని పళ్ళెంలో ఏమి పడుతుందన్నది వేరే ప్రశ్న.

అట్టివారిని వీగన్లు అంటారు. మాట వయస్సులో చిన్నది. 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగం ఉపాధ్యాయుడు కొందరు మిత్రులతో కలిసి వీగన్ సొసైటీని స్థాపించినప్పుడు, వెజిటేరియన్ అనే మాట తొలి అక్షరాలను, తుది అక్షరాలను కలిపి దీనిని సృష్టించారు. మాట కొత్తదే గాని ఆలోచన కొత్తది కాదు. గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో పాలు విసర్జించారు. 1918లో జబ్బుచేసి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మేకపాలకు అంగీకరించవలసి వచ్చింది. వ్రతం పట్టిన నాడు తన మనస్సులో ఉన్నవి ఆవుపాలు, గేదెపాలు మాత్రమే గదా అని ఒక సమాధానం చెప్పుకొన్నారు గాని, ఆ సమాధానం తన అంతరాత్మకు రుచించలేదని ఆత్మకథలో దాచకుండా ఒప్పుకొన్నారు.

మన దేశం నుంచి వెళ్ళిన శాకాహారికి మొదటి చిక్కు భాషలోనే ఎదురవుతుంది. తెలుగు ఇంట శాకాహారమంటే ముద్దపప్పు మీద నెయ్యి, చివర గడ్డపెరుగు ఉండనే ఉంటాయి. మన పొట్లాల మీది ఆకుపచ్చ చుక్కకు పాలతో గాని తేనెతో గాని పేచీ లేదు. పాలు సైతం లేని ఆహారానికి ప్రత్యేక చిహ్నంతో మన ఆహార భద్రతా సంస్థ వేరే నిబంధనలు తెచ్చినది 2022లో మాత్రమే. అమెరికాలో వెజిటేరియన్ అన్న మాట ఇంతకన్నా వదులుగా వాడుకలో ఉన్నది. చేప తింటూనే తాము వెజిటేరియన్లమని చెప్పుకొనేవారు అక్కడ అరుదేమీ కాదు. అందువల్ల ‘నేను వెజిటేరియన్‌ని’ అన్న ఒక్క వాక్యంతో అక్కడి వడ్డనవాడికి ఏమీ చెప్పినట్టు కాదు.

అసలు కష్టం కంటికి కనిపించే మాంసంతో కాదు, కనిపించనిదానితోనే. కూరగాయల పులావులా కనిపించే అన్నాన్ని కోడి ఎముకల రసంలో ఉడికించి ఉండవచ్చు. మెక్సికో పద్ధతిలో వండి మెదిపిన చిక్కుడు గింజలలో పంది కొవ్వు కలిపే అలవాటు ఉన్నది. సీజర్ సలాడ్ అంటే ఆకులే గదా అని ఊరుకోరాదు. అందులో పోసే రసంలో ఆంకోవీ అనే చిన్న చేప కలుస్తుంది. వూస్టర్ సాస్‌లోనూ అదే చేప. పిల్లలు ఎగబడే మార్ష్‌మాలోలను మెత్తగా నిలబెట్టే జెలటిన్ పశువుల చర్మం నుంచి, ఎముకల నుంచి తీసినది. పార్మెజాన్ జున్ను తోడుకోవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. పాలకు అభ్యంతరం లేని మన పెద్దలు సైతం ఈ సంగతి తెలిస్తే పళ్ళెం పక్కకు జరుపుతారు. రొట్టెకు మెరుపు గుడ్డు వల్ల, మెత్తదనం పాలపొడి వల్ల వస్తుంది. అన్నిటికంటె వింత కాఫీలో కలిపే పొడి సంగతి. దాని మీద ‘పాలు లేనిది’ అని అచ్చువేసి ఉన్నా, లోపల పాల నుంచి తీసిన కేసినేట్ ఉండవచ్చు. చట్టం దీనికి అడ్డు చెప్పడం లేదు!

ఇవన్నీ అతి జాగ్రత్తలని నవ్వేవారికి ఒక పాత కథ గుర్తు చేయవలసి ఉన్నది. మెక్‌డొనాల్డ్స్ సంస్థ అమెరికాలో బంగాళాదుంప వేపుళ్ళకు ఆవు కొవ్వు మానివేసి, 1990 నుంచి వంటనూనె వాడుతున్నట్టు ప్రకటించింది. అనేకమంది శాకాహారులు, వారిలో హిందువులు, ఆ మాట నమ్మి ఏళ్ళ తరబడి తిన్నారు. ఆ వేపుళ్ళలో రుచి కోసం గోమాంసపు సారం కలుపుతున్నారని 2001లో వెల్లడి కాగా వ్యాజ్యాలు పడ్డాయి. 2002లో ఆ సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార, ధార్మిక సంస్థలకు కోటి డాలర్లు ఇచ్చేందుకు అంగీకరించింది. తిన్నవారికి జబ్బేమీ చేయలేదు. ఐనా నష్టం జరగలేదని ఎవరనగలరు? ఇతరుల వంటింట తినే మనిషి ఆ వంటవాని మాటనే తింటున్నాడు.

అమెరికా చట్టంలో వీగన్ అనే మాటకు నిర్వచనమే లేదు. కాని మరొక చట్టం ఈ ప్రయాణికులకు అనుకోకుండా ఊతకర్ర ఐనది. కొన్ని పదార్థాలు పడనివారి ప్రాణరక్షణ కోసం 2004లో చేసిన ఆ శాసనం ప్రకారం పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతులు, గింజపప్పులు, వేరుసెనగ, గోధుమ, సోయా ఉన్నట్లయితే పొట్లం మీద విధిగా చెప్పాలి. 2023 నుంచి ఈ జాబితాలో నువ్వులూ చేరినవి. పార్కుల వంటశాలలు కూడ ఈ అలర్జీల లెక్కను శ్రద్ధగా పాటిస్తాయి. కావున పాలు, గుడ్డు పడనివారి కోసం తయారుచేసిన జాబితా అడిగి తీసుకొంటే సగం వెదుకులాట తీరుతుంది. సగమే సుమా! తేనె, జెలటిన్, కోడిరసం ఆ జాబితాకు ఎక్కవు. వాటిని నోరు తెరచి అడగవలసిందే.

ఇక్కడే కొందరు ఒక అడ్డదారి తొక్కుతారు. పాలు తమకు ఇష్టం లేదని చెప్పక, పడవని, తింటే ప్రాణం పోతుందని చెబుతారు. అంతట వంటవాడు చేతి తొడుగులు మార్చి, పలక కడిగి, గరిటె వేరుచేసి, వరుసనంతటినీ ఆపి వండి పెడతాడు. మరునాడు అదే మనిషి వెన్న పూసిన రొట్టె కొరుకుతూ కనిపిస్తే, ఆ తర్వాత నిజంగా ప్రాణభయంతో వచ్చిన పసివాని తల్లి మాటను ఎవరు నమ్ముతారు? ఆహారనియమం అహింస కోసమే ఐతే దానికి అసత్యం ఆసరా కాకూడదు. ‘నేను పాలు తీసుకోను, నియమం’ అని చెబితే చాలును. అక్కడివారు ఎగతాళి చేయరు.

ఎగతాళి చేయకపోవడమే కాదు, 2019లో ఒక పెద్ద మార్పు జరిగింది. డిస్నీ వరల్డ్‌లోని అన్ని ప్రధాన భోజనశాలలలోను మొక్కల నుంచి వచ్చిన ఆహారం ఒకటైనా ఉండాలని నిశ్చయించి, నాలుగు వందలకు పైగా వంటకాలను ప్రకటించారు. మెనూలో వాటి పక్కన చిన్న ఆకు గుర్తు ఉంటుంది. మాంసం, పాలు, గుడ్లు, తేనె లేకుండా చేసినదని దాని అర్థం. ఇది వ్యాపారమే గాని ధర్మప్రచారం కాదు. ఐతేనేమి, వ్యాపారి లెక్కలో చోటు దొరకడం కూడ ఒక చోటే. అంతకు పూర్వం ఆ నియమం గల యాత్రికుడు పండ్ల ముక్కలతోను, వేపుళ్ళతోను పొద్దు పుచ్చవలసి వచ్చేది. ఆకు గుర్తు చూసిన తరువాత కూడ అడగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది: దీనిని వేయించే నూనెలో చేపలు, కోడి ముక్కలు కూడ వేయిస్తున్నారా? వంటకంలో లేనిది మూకుడులో ఉండవచ్చును.

నిలబడి కొనుక్కొనే అంగళ్ళలో పని తొందరగా జరుగుతుంది గాని మార్పులకు వీలు తక్కువ. ఆనిమల్ కింగ్‌డం పార్కులో 2017లో వెలసిన సతూలి కాంటీన్ వంటి చోట ఈ ఇబ్బంది అంతగా లేదు. అక్కడ గిన్నెలో అడుగున ఏమి వేయాలో, దాని మీద ఏమి వేయాలో మనమే చెబుతాము. కారం పట్టించి వేయించిన టోఫూ ఒక ఎంపిక. పైన పోసే సాస్ ఏదో మాత్రం అడిగి తెలుసుకోవాలి. బర్గరు తీసుకొనేవారు మధ్యనున్న ముద్ద మొక్కలదేనని సంతోషించి, పైనున్న రొట్టెను, లోపల పూసిన మయొనేజును మరచిపోవడం సామాన్యంగా జరిగే పొరపాటు. ఈ వంటకాలు తరచుగా మారుతుంటాయి కూడ. నిరుటి ప్రయాణికుని మాట ఈ ఏటికి ప్రమాణం కాదు. చల్లనిదేదైనా కావాలంటే మాజిక్ కింగ్‌డంలోని అలోహా ఐల్ అనే అంగడిలో అనాసరుచి డోల్ విప్ ఉన్నది. చూపుకు అచ్చం ఐస్‌క్రీమే గాని పాలు లేవు. దానినే వెనిల్లాతో మెలివేసి ఇమ్మంటే మాత్రం పాలు వచ్చి చేరతాయి.

కూర్చుండి భోంచేసే రెస్టారెంటులో మర్యాద వేరు. అరవై రోజుల ముందు నుంచి బల్లను కేటాయించుకొనవచ్చు. అప్పుడే నియమం సంగతి రాసి ఉంచాలి. వెళ్ళిన తరువాత అడిగితే వంటశాల పెద్ద స్వయంగా బల్ల దగ్గరికి వచ్చి మాట్లాడతాడు. ఈ పద్ధతి మన పెండ్లి పందిళ్ళలో వంటబ్రాహ్మణుని పిలిచి అడగడం వంటిదే. అతనితో వంటకం పేరు పట్టి మాట్లాడి లాభం లేదు. పదార్థం పేరు పట్టి మాట్లాడాలి. అన్నం దేనిలో ఉడికినది? రొట్టెకు వెన్న పూశారా? నూడుల్స్ పిండిలో గుడ్డు ఉన్నదా? నాలుగు ప్రశ్నలకు రెండు నిమిషాలు. రద్దీ లేని వేళ, అంటే పదకొండున్నరకో, నాలుగింటికో వెళితే వంటవానికీ ఓపిక ఉంటుంది.

భారతీయునికి ఇక్కడ ఒక చిత్రమైన ఆశాభంగం కలుగుతుంది. ఎప్‌కాట్ పార్కులో సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలు ఉన్నవి. వాటిలో మన దేశం లేదు. ఆనిమల్ కింగ్‌డంలో మాత్రం ఆనందపూర్ అనే కల్పిత ఆసియా నగరాన్ని కట్టి, మహారాజుల పాడుబడిన కోట మధ్య పులులను తిప్పుతున్నారు. ఆ పార్కు సమీపాననే, ఆఫ్రికా మైదానం తీరున మలచిన హోటలులో, సనా అనే రెస్టారెంటు 2009 నుంచి నడుస్తున్నది. కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటే ఇవతల నాన్, చట్నీలు, మసాలా వాసన. ఇంటి మీద బెంగ పెట్టుకొన్నవారికి ప్రాణం లేచివస్తుంది. కాని వీగన్‌కు మన వంటే పెద్ద పరీక్ష. నాన్ పిండిలో పెరుగు, రైతాలో పెరుగు, పనీరు, మీద వెన్న. పరాయి వంటలో మాంసానికి భయపడినవాడు, సొంత వంటలో పాలకు భయపడవలసి వస్తుంది.

ఆ బల్ల చుట్టూ ఇప్పుడు తరచు మూడు తరాలు కూర్చుంటున్నవి. విజయవాడ నుంచో వరంగల్లు నుంచో కొడుకును చూడవచ్చిన తల్లి, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్న కొడుకు, అక్కడే పుట్టి కాలేజీలో చేరగానే పాలు మానివేసిన మనుమరాలు. జీవితమంతా గుడ్డు ముట్టని నాయనమ్మకు, తన శాకాహారం చాలదనే మాట మనుమరాలి నోట వినడం కొరుకుడు పడదు.

“పెరుగులో ప్రాణమేముందే తల్లీ?” అంటుందామె.

“ఆ పాలు దూడవి గదా నాయనమ్మా!” అంటుంది పిల్ల.

ఇంటి వెనుక కొట్టంలో, దూడ కుడిచిన తరువాతనే పిండిన ఆవును ఎరిగిన మనిషి నాయనమ్మ. వేలాది పశువులున్న పాలకర్మాగారాలను చూసి విరక్తి చెందిన పిల్ల మనుమరాలు. ఇద్దరూ ఒకే ఆవును గురించి మాట్లాడటం లేదు. ఈ సంగతి గ్రహించిన ఇళ్ళలో వాదం తగ్గి, ఇద్దరికీ సరిపడే వంటకం కోసం వెదుకులాట మొదలవుతుంది. ఆ వెదుకులాటకు తెలుగు వంటిల్లు బాగానే అక్కరకు వస్తుంది. కందిపొడి, గోంగూర పచ్చడి, నూనె పోపు పెట్టిన పప్పు, వంకాయ పులుసు, మినప గారె—వీటిలో వేటికీ పాలతో పనిలేదు.

మరొక సదుపాయం చాలామందికి తెలియదు. ఈ పార్కులలోనికి ఇంటి నుంచి తెచ్చుకొన్న ఆహారాన్ని అనుమతిస్తారు. వేడిచేయవలసిన అవసరం ఉండరాదు, గాజు పాత్రలు ఉండరాదు, చల్లదనానికి విడి మంచుగడ్డలు వేసుకొని రారాదు; ముఖ్యమైన షరతులు ఇవే. కూల్‌డ్రింకులు అమ్మే అంగళ్ళలో అడిగితే గ్లాసుడు చల్లని నీళ్ళు ఉచితంగా ఇస్తారు. ఈ షరతులకు అక్షరాలా సరిపోయే వంటకం చింతపండు పులిహోర. పాలు లేవు, వేడి అక్కరలేదు, రోజంతా చెడదు, వేరుసెనగలు, సెనగపప్పు వల్ల బలమూ ఉంటుంది. దద్దోజనం నాయనమ్మకు పనికివచ్చినా ఫ్లోరిడా ఎండకు పనికిరాదు.

కరివేపాకును మాత్రం ఇక్కడి నుంచి సంచిలో పెట్టుకొని వెళ్ళరాదు. నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేప చెట్టు మీద కూడ బ్రతుకుతుంది గనుక, విదేశాల నుంచి పచ్చి కరివేపాకు తేవడాన్ని అమెరికా నిషేధించింది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి తోటల రైతులను కుదేలు చేసింది. పొడులు, పచ్చళ్ళు తీసుకువెళ్ళేవారు విమానాశ్రయంలో తినుబండారాలన్నిటినీ అడగకముందే రాసి చూపించాలి. కరివేపాకు అక్కడి భారతీయ దుకాణాలలోనే కొనుక్కొనవచ్చు. పులిహోరకు నూనె ఒక గరిటె ఎక్కువ పోసి, అన్నం బాగా చల్లారిన తరువాతనే డబ్బాలో సర్దాలి. మూత బిగువుగా ఉండాలి, ఆ డబ్బా గాజుది కాకూడదు.