సైనస్‌కు ఆపరేషన్ సగం, సంరక్షణ సగం

పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. వారం, పది రోజుల్లో తగ్గే పడిశానికి భయపడనక్కరలేదు. కాని మూడు నెలలు దాటినా ముక్కుదిబ్బడ వదలక, చిక్కని చీమిడి గొంతులోకి దిగుతూ, నుదురు, బుగ్గలు బరువెక్కి, వాసన తెలియకుండా పోతే అది ఉత్త పడిశం కాదు. దీర్ఘకాలిక సైనస్ వ్యాధి కావచ్చు. పల్లెల్లో దీనితో ఏళ్ల తరబడి బాధపడుతూ, మందుల షాపులో కొన్న చుక్కల మందుతో రోజులు నెట్టుకొస్తున్నవారు ఉన్నారు. దిబ్బడ విడిపించే ఆ చుక్కలను వారం దాటి వాడితే దిబ్బడ మరింత ముదురుతుందని వారికి చెప్పేవారే కరువు.

ఆపరేషన్ అనేసరికి రెండు మాటలు వినిపిస్తాయి. కళ్లు పోతాయని కొందరు, చేయించుకున్నా మళ్లీ వస్తుంది, డబ్బు దండగ అని మరికొందరు అంటారు. రెండింటిలోనూ పిసరంత నిజం, కొండంత అపోహ ఉన్నాయి.

ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటిలో ఊరే జిగురు సన్నని దారుల గుండా ముక్కులోకి వస్తుంది. తూము పూడితే నీరు నిలిచినట్టే, ఆ దారి పూడితే జిగురు నిలిచి చీము పడుతుంది. 1890లలో అమెరికాలో కాల్డ్‌వెల్, ఫ్రాన్సులో లూక్ రూపొందించిన పద్ధతిలో, పై పెదవి ఎత్తి, చిగుళ్లపైన కోసి, ఎముకకు కన్నం పెట్టి లోపలి పొరను గీకేసేవారు. ముఖం వాచేది, బుగ్గ తిమ్మిరెక్కేది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర వైద్యుడు మెస్సర్‌క్లింగర్ సన్నని ఎండోస్కోపు గొట్టంతో పరిశీలించి, జిగురు ఎప్పుడూ సహజమైన దారివైపే నడుస్తుందనీ, ఆ దారి తెరిస్తే లోపలి పొర కోలుకుంటుందనీ చూపారు. 1980లలో స్టామ్‌బెర్గర్, కెనెడీ అనే వైద్యులు ఈ పద్ధతిని దేశదేశాలకు చేర్చారు. నేడు ఎక్కువ ఆపరేషన్లు ముఖంపై కోత లేకుండా ముక్కు రంధ్రంగుండానే జరుగుతున్నాయి.

కన్ను, మెదడు పల్చని ఎముకకు అవతలే ఉంటాయి కనుక ప్రమాదం బొత్తిగా లేదనలేము. అరుదు మాత్రమే. అందుకే ముందు సీటీ స్కాన్ తీసి దారులు చూసుకుంటారు. 2021లో కరోనా వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్‌లో కొందరు కళ్లు కోల్పోయిన మాట వాస్తవమే. అది వేరే వ్యాధి. దానిని తలచుకుని మామూలు సైనస్ ఆపరేషన్‌కు జంకడం తగదు.

అలాగని అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. ముందు ఉప్పునీటితో ముక్కు కడగడం, వైద్యుడు రాసిన స్ప్రే, మందులు వాడాలి. పై దవడ పన్ను పుచ్చి ఒకవైపు సైనస్ చెడితే ముందు పన్ను సంగతి చూడాలి. వీటికి లొంగనప్పుడే ఆపరేషన్.

ఆపరేషన్ దారి తెరుస్తుంది. కాని ఎలర్జీని, ఉబ్బసాన్ని తీసివేయదు. ముక్కులో కండ పెరిగినవారికి అది మళ్లీ పెరగవచ్చు. కనుక తర్వాత కొన్ని వారాలపాటు వైద్యుని వద్దకు వెళ్లి లోపల కట్టిన పక్కులు తీయించుకోవాలి. కాచి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పునీటితోనే ముక్కు కడగాలి. స్ప్రే మానరాదు. నూర్పిళ్ల దుమ్ము, మిరప ఘాటు తగలకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

ఇక్కడే పల్లె రోగి దెబ్బతింటున్నాడు. పక్కు తీయించుకోవడానికి పట్నం వెళ్లాలంటే ఒకనాటి కూలి పోతుంది, బస్సు చార్జీలు తప్పవు. రెండోసారికే మానేస్తాడు. జబ్బు తిరగబెడితే ఆపరేషన్‌దే తప్పని ఊరంతా చెబుతాడు.

కనుక ఏరియా ఆస్పత్రుల్లో వారానికి ఒకరోజైనా చెవి, ముక్కు, గొంతు వైద్యుడు అందుబాటులో ఉండేటట్టు చూడాలి. ఇంటికి పంపేటప్పుడు మళ్లీ రావలసిన తేదీలు, ముక్కు కడిగే విధానం తెలుగులో రాసి ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది దానిని చేసి చూపాలి. ఇవి కోట్లతో పనిలేని పనులు. ఇవి జరగనంతకాలం పేదవాడు ఆపరేషన్‌కు పెట్టిన ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే అవుతుంది.