బతికింది సరే, ఎట్లా బతుకుతోందో అడిగామా?

మా పల్లెలో ఒక అక్క రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడి ఆరేళ్ళయింది. ఆపరేషన్‌కి రక్తం ఇచ్చింది మా కుర్రాళ్ళే. కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది మేమే. ఆమె ఇంటికొచ్చిన రోజు గెలిచామనుకున్నాం. అక్కడితో ఆమెను మరిచిపోయాం.

ఒకప్పుడు మీటింగంటే ముందు వరసలో కూర్చునే మనిషి. ఇప్పుడు పిలిచినా రాదు. జబ్బు తగ్గాక బద్ధకం పట్టుకుందని మాలోనే కొందరన్నారు. మొన్న అంబేద్కర్ జయంతికి పిలవడానికి వెళితే గుమ్మంలోనే నిలబడి అంది: "తగ్గిపోయిందిగా అంటారందరూ. రాత్రిళ్ళు నిద్ర పట్టదని ఎవరికి చెప్పుకోను అన్నా?"

తల దించుకుని వచ్చాం.

ఏమిటా నిద్ర పట్టనితనం? నడుం నొప్పొచ్చినా మళ్ళీ వచ్చిందేమోనని భయం. చెకప్ తేదీ దగ్గరపడితే ముద్ద దిగదు. కొందరికి టామోక్సిఫెన్ బిళ్ళ అయిదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు వాడమంటారు. దానితో ఒళ్ళు ఆవిర్లు, చెమటలు. చంకలో గ్రంథులు తీసేసిన వాళ్ళకి ఏళ్ళు గడిచాక కూడా చెయ్యి వాయొచ్చు. ఆ చేతికి గాయం కానివ్వొద్దంటారు డాక్టర్లు. మిరపకోతకి పోకుండా కూలెక్కడిది? పోతే చెయ్యి ఏమవుతుందోనని దిగులు. తడక చాటున స్నానం చేసే ఆడమనిషి తన ఒంటిని ఎవరి కంటా పడకుండా ఎన్నాళ్ళు దాచుకుంటుంది? మొగుడు అటు తిరిగి పడుకుంటే ఆ బాధ ఏ డాక్టరుకి చెప్పుకుంటుంది?

ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. క్యాన్సర్ అంటుకుంటుందని ఆమె ఇంట్లోనే గ్లాసు వేరుగా పెట్టారు. టీ హోటల్లో రెండు గ్లాసుల మీద తిరగబడ్డ వాళ్ళం మనం! మన ఇళ్ళలోనే రెండో గ్లాసు పెడితే చూస్తూ ఊరుకున్నాం. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఆ గ్లాసు అంటరానితనమే.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ దాడుల్లో ప్రాణాలతో మిగిలిన వాళ్ళను "బతికారుగా, ఇంకేం కావాలి" అని మనం అనలేదు. మరి ఈ అక్కతో ఎందుకంటున్నాం?

అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు అందుకుని 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. ఆ నల్లజాతి ఆడబిడ్డే కవయిత్రి ఆడ్రీ లార్డ్. 1978లో ఆమెకు రొమ్ము తీసేశారు. కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళితే, అక్కడి వాళ్ళ మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు మందలించింది. లార్డ్ నోరు మూసుకోలేదు. తన భయాన్నీ కోపాన్నీ 1980లో పుస్తకంగా అచ్చువేసింది. మన అక్కలకు అచ్చు అక్కర్లేదు. వినే చెవులుంటే చాలు.

ఈ దిగులు పిరికితనం కాదు, దయ్యం కాదు. డాక్టర్లు ఆందోళన, డిప్రెషన్ అంటారు. మాటల వైద్యంతో, అవసరమైతే మందులతో తగ్గుతుంది. టామోక్సిఫెన్ వాడుతున్నామని ఆ డాక్టరుకి తప్పక చెప్పాలి. డిప్రెషన్‌కిచ్చే కొన్ని మందులు దాని పనిని తగ్గిస్తాయి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కోతకీ, కీమోకీ, కరెంటుకీ డబ్బు కట్టింది. మనసు గాయం మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం సర్కారు ద్వారా మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని చెప్పింది. 2022 నుంచి 14416 నంబరుకి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. కానీ సొంత ఫోన్ లేని కూలి మనిషి, ఇంట్లో అందరి ముందూ ఏం మాట్లాడుతుంది?

అందుకే అడుగుదాం. చెకప్‌కి వచ్చిన ప్రతి ఆడమనిషినీ మనసు సంగతి కూడా అడిగే మనిషిని ఆసుపత్రిలో పెట్టాలి. చెకప్‌కి బస్సు ఖర్చు, పోయిన ఆ రోజు కూలి ఇవ్వాలి. చెయ్యి వాచిన వాళ్ళకి ఉపాధి పనిలో తేలిక పని చూపాలి. ఇది దయ కాదు, హక్కు.

సర్కారుని అడిగే ముందు మన పని మనం చేద్దాం. ఆ రెండో గ్లాసు ఈ రోజే తీసేద్దాం. జబ్బు నుంచి బయటపడ్డ అక్కల ఇళ్ళకి మన ఆడవాళ్ళు నెలకోసారి వెళ్ళి కూర్చోవాలి. ధైర్యం చెప్పడానికి కాదు, వినడానికి. మా పల్లెలో వచ్చే ఆదివారం మొదలుపెడుతున్నాం. మీ పల్లెలో ఎప్పుడు?

జై భీమ్!